ఫ్లూ టీకా ఏది, ఎప్పుడు? ఒసెల్టామివిర్ ఎవరికి? ఉత్తర తెలంగాణ దవాఖానల కోసం ఒక పోలిక

ఫ్లూ టీకా తెప్పించేటప్పుడు చాలా నర్సింగ్ హోంలలో ముందు చూసేది బ్రాండు, తర్వాత ధర. పెట్టె మీద ఏ సీజన్ అని అచ్చయి ఉందో చదివేవాళ్లు తక్కువ. వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్ వైపు మాత్రం ఫలితాన్ని తేల్చేది బ్రాండు కాదు. ఆ సీజన్, టీకా వేసిన నెల. ఫ్లూ వైరస్‌ను అణిచే ఒసెల్టామివిర్ లాంటి మందుల దగ్గరా అంతే. ఏ మందు రాశామన్నది తర్వాతి మాట, ఎవరికి రాశాం, జ్వరం మొదలైన ఎన్ని గంటలకు మొదలుపెట్టాం అన్నది ముందు మాట. పీహెచ్‌సీల్లో, బస్తీ దవాఖానల్లో, పదీ ఇరవై పడకల ఆస్పత్రుల్లో పనిచేసే డాక్టర్లు, స్టాఫ్ నర్సులు, ఏఎన్‌ఎంలను దృష్టిలో పెట్టుకుని రాసిన పోలిక ఇది.

జూన్‌కు ముందా, అక్టోబర్‌లోనా

అమెరికా, ఐరోపా మార్గదర్శకాలు సెప్టెంబర్, అక్టోబర్ అంటాయి. వాళ్లకు ఫ్లూ చలికాలపు జబ్బు. మనకు వానలతో ఒకసారి పెరుగుతుంది, జనవరి నుంచి మార్చి మధ్య మరోసారి తల ఎత్తుతుంది. 2015 జనవరి, ఫిబ్రవరి నెలల్లో తెలంగాణను హెచ్‌1ఎన్‌1 (స్వైన్ ఫ్లూ) ఎలా పట్టుకుందో అప్పట్లో డ్యూటీలో ఉన్నవాళ్లకు గుర్తుండే ఉంటుంది. అక్టోబర్ దాకా ఆగితే వానాకాలపు అల మొత్తం చేజారిపోతుంది. సూది వేశాక రక్షణ రావడానికి సుమారు 2 వారాలు పడుతుంది. నైరుతి మామూలుగా జూన్ రెండో వారానికల్లా మన దాకా వస్తుంది. కాబట్టి మే నెల మధ్య నుంచి జూన్ మొదటి వారం దాకా వేయడం అన్నిటికన్నా మేలు. భారత పిల్లల వైద్యుల సంఘం చెప్పేదీ వర్షాలకు 2 నుంచి 4 వారాల ముందే.

జూన్ తప్పిపోయిందా? జులైలోనూ వేయండి, ఆగస్టులోనూ వేయండి. అప్పుడూ కుదరకపోతే అక్టోబర్‌లో వేసినా చలికాలపు అలకు పనికొస్తుంది. పెద్దవాళ్లకు ఏటా ఒక్క డోసే. జూన్‌లో ఒకటి, అక్టోబర్‌లో ఒకటి వేసి డబ్బు వసూలు చేసే పద్ధతికి ఏ మార్గదర్శకమూ ఆధారం కాదు. గర్భిణులకు మాత్రం నెల లెక్క చూడొద్దు. ఏ త్రైమాసికమైనా సరే, వచ్చిన రోజే వేయాలి. 6 నెలల లోపు పసిపిల్లలకు ఫ్లూ టీకా లేదు, తల్లి నుంచి వచ్చే యాంటీబాడీలే వాళ్లకు దిక్కు.

9 ఏళ్ల లోపు పిల్లలకు మొదటిసారి వేస్తున్నప్పుడు 4 వారాల ఎడంతో రెండు డోసులు కావాలి. మొదటిది జూన్‌లో మొదలుపెడితే రెండోది జులైలోకి పోతుంది. అందుకే పిల్లలకు మే ఆరంభంలోనే మొదలుపెట్టండి, బడులు తెరిచే నాటికి రెండూ అయిపోతాయి. ఆచరణలో ఎక్కువగా తప్పేది ఈ రెండో డోసే. మొదటి డోసు రోజునే రెండో తేదీ కార్డు మీద రాసి, తల్లి ఫోన్ నంబర్ రిజిస్టర్‌లో ఎక్కించండి.

దక్షిణార్ధగోళం పెట్టె, ఉత్తరార్ధగోళం పెట్టె

మన దేశం ఉత్తరార్ధగోళంలోనే ఉన్నా, వానాకాలపు ఫ్లూ లెక్కన దక్షిణార్ధగోళం టీకాయే మనకు సరిపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ దక్షిణార్ధగోళం టీకాలో ఏ వైరస్ రకాలు ఉండాలో సెప్టెంబర్‌లో, ఉత్తరార్ధగోళానికి ఫిబ్రవరిలో ప్రకటిస్తుంది. పెట్టె మీద ‘2025’ అని ఒకే సంవత్సరం ఉంటే అది దక్షిణార్ధగోళానిది, ‘2025-26’ అని ఉంటే ఉత్తరార్ధగోళానిది. మే, జూన్ నెలల్లో డీలర్ దగ్గర కొత్త దక్షిణ స్టాకుతో పాటు పాత ఉత్తర స్టాకు కూడా ఉండొచ్చు. గడువు దగ్గరపడిన పెట్టెలు తగ్గింపు ధరకు వచ్చేది అప్పుడే.

తేడా ఎంత ఉంటుందో ఒక ఉదాహరణ చూడండి. 2024-25 ఉత్తరార్ధగోళం గుడ్డు టీకాలో (కోడిగుడ్లలో పెంచిన వైరస్‌తో చేసేది) హెచ్‌3ఎన్‌2 భాగం థాయ్‌లాండ్ 2022 రకం. 2025 దక్షిణార్ధగోళానికి దాన్ని క్రొయేషియా 2023 రకంగా మార్చారు. హెచ్‌1ఎన్‌1 (విక్టోరియా 2022), బి విక్టోరియా (ఆస్ట్రియా 2021) అలాగే ఉంచారు. ఆ తర్వాత వచ్చిన 2025-26 ఉత్తరార్ధగోళం గుడ్డు టీకాలో మూడూ 2025 దక్షిణపు రకాలే. అంటే ఆ ఏడాది జూన్‌లో పాత ఉత్తర పెట్టె వేస్తే హెచ్‌3ఎన్‌2 విషయంలో ఒక అడుగు వెనకబడ్డట్టు. కానీ దక్షిణ టీకా వేసుకున్నవాళ్లకు అక్టోబర్‌లో ‘కొత్తది వచ్చింది, మళ్లీ వేయించుకోండి’ అనడంలో అర్థం లేదు, ఎందుకంటే లోపల ఉన్నది అదే. ఏ ఏడాదైనా చూడాల్సింది ఇదే: పెట్టె పక్కన అచ్చేసిన మూడు రకాల పేర్లు, గడువు తేదీ. ఉన్నవాటిలో తాజాదాన్ని తీసుకోండి. తాజాది దొరకక, గడువు దాటని పాతదే ఉంటే, వానలు నెత్తిన ఉన్నప్పుడు ఆగడంకన్నా అదే వేయడం నయం.

మూడు రకాలదా, నాలుగు రకాలదా

ఇది తేలిక. నాలుగో భాగం బి యమగాటా, అంటే ఫ్లూ బి వైరస్‌లో ఒక శాఖ. 2020 మార్చి తర్వాత ఆ వైరస్ ప్రపంచంలో ఎక్కడా నిర్ధారణ కాలేదు. ఇక అది టీకాలో అక్కర్లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 సెప్టెంబర్‌లో చెప్పింది. 2024-25 నుంచి అమెరికాలో అన్నీ మూడు రకాలవే. నాలుగు రకాలది వేస్తే నష్టం లేదు, దానికోసం ఎక్కువ డబ్బు పెట్టడం మాత్రం దండగ. ‘నాలుగు రకాలది పవర్‌ఫుల్’ అని పేషెంట్‌కు చెప్పడం ఇప్పుడు తప్పు సమాచారం.

సూదా, ముక్కులో చుక్కలా

దవాఖాన సిబ్బందికి, గర్భిణులకు, 50 దాటినవాళ్లకు, షుగర్, గుండె, కిడ్నీ, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్లకు సూదే. ముక్కులో వేసేది బలహీనపరిచిన బతికున్న వైరస్. అది 2 నుంచి 49 ఏళ్ల మధ్య ఆరోగ్యవంతులకే. 2 నుంచి 4 ఏళ్ల పిల్లల్లో పిల్లికూతల చరిత్ర ఉంటే వద్దు, ఆస్పిరిన్ వాడే పిల్లలకు వద్దు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లకు వద్దు. ఇంకో చిక్కుంది: ఒసెల్టామివిర్ ఆపి 48 గంటలు కాకముందే చుక్కలు వేస్తే టీకా వైరస్‌ను మందే చంపేస్తుంది. చుక్కలు వేసిన 2 వారాల లోపు ఆ మందు ఇవ్వాల్సి వచ్చినా టీకా లెక్కలోకి రాదు. సూదికి ఈ బెడద లేదు.

65 దాటినవాళ్లకు ఒక్కో రకానికి 60 మైక్రోగ్రాములుండే హై డోసు టీకా, లేదా యాడ్జువెంట్ (టీకా బలాన్ని పెంచే పదార్థం) కలిపింది దొరికితే మేలు. మామూలు సూదిలో ఉండేది 15 మైక్రోగ్రాములు. దొరకలేదని ముసలివాళ్లను తిప్పి పంపొద్దు, మామూలుదే వేసి పంపండి.

గుడ్డు పడనివాళ్లకు వేయొద్దన్నది పాత మాట. ఏ టీకా అయినా వేయొచ్చు, ప్రత్యేక జాగ్రత్తలు అక్కర్లేదని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2023-24 నుంచి చెబుతోంది. గతంలో ఫ్లూ టీకాకే తీవ్రమైన ఎలర్జీ వచ్చి ఉంటే మాత్రం మానాలి. మునుపటి డోసు తర్వాత 6 వారాల్లో గిలియన్ బారీ (నరాలు దెబ్బతిని కాళ్లూ చేతులూ చచ్చుబడే జబ్బు) వచ్చినవాళ్లకు మామూలుగా వేయరు. ముక్కు కారుతోందనో, కొద్దిగా దగ్గుందనో వాయిదా వేయొద్దు.

టీకా చెడిపోయేది ఎక్కడ

మే నెలలో రామగుండం, భూపాలపల్లి వైపు ఎండ చూసి అందరూ భయపడేది వేడికి. నిజానికి ఫ్లూ టీకాకు గడ్డకట్టడం అంతకన్నా పెద్ద ప్రమాదం. నిల్వ 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్. ఒక్కసారి గడ్డకడితే, కరిగాక చూడ్డానికి బాగానే ఉన్నా పారేయాల్సిందే. మూడు చోట్ల ఇది జరుగుతుంది. డీప్ ఫ్రీజర్ నుంచి తీసిన ఐస్ ప్యాక్‌ను నేరుగా సిరంజిల మీద పెట్టడం మొదటిది. ప్యాక్‌ను బయట ఉంచి, ఊపితే లోపల నీళ్ల చప్పుడు వినపడ్డాకే క్యారియర్‌లో పెట్టాలి. డీలర్ ప్లాస్టిక్ సంచిలో ఐసు ముక్కల మధ్య వేసి పంపడం రెండోది. అలా వచ్చినదాన్ని తీసుకోకండి. ఇక మూడోది, ఇంటి ఫ్రిజ్‌లో ఫ్రీజర్‌కు ఆనుకునే పై అర. టీకా మధ్య అరలో, గోడకు తగలకుండా ఉండాలి. తలుపు అరలోనూ పెట్టొద్దు, తీసినప్పుడల్లా అక్కడ వేడి మారుతుంది. ఫ్లూ టీకా సార్వత్రిక టీకాల కార్యక్రమంలో లేదు కాబట్టి చాలా ప్రైవేటు దవాఖానల్లో దానికి ఐఎల్‌ఆర్ (టీకాల కోసమే చేసిన ఫ్రిజ్) ఉండదు, ఫ్రిజ్‌లో థర్మామీటరూ ఉండదు. కనీసం ఒక డిజిటల్ థర్మామీటర్ పెట్టి రోజుకు రెండుసార్లు రాయండి.

వేసే ముందు సిరంజి బాగా ఊపాలి. డోసు 0.5 ఎంఎల్. కొన్ని బ్రాండ్లలో 3 ఏళ్ల లోపు పిల్లలకు 0.25 ఎంఎల్, కొన్నిటిలో 6 నెలల నుంచే 0.5 ఎంఎల్. ఇది బ్రాండును బట్టి మారేది, జ్ఞాపకం మీద వేయొద్దు, లోపలి కాగితం చూడండి. పెద్దవాళ్లకు భుజం ఎముక కొస నుంచి రెండు మూడు వేళ్లు కిందికి, డెల్టాయిడ్ కండరంలో, 23 నుంచి 25 గేజ్ సూదితో. మరీ పైకి వేస్తే కీలులోకి పోయి నెలల తరబడి చెయ్యి లేవదు. తర్వాత 15 నిమిషాలు కూర్చోబెట్టండి, అడ్రినలిన్ అదే గదిలో ఉండాలి.

‘నిరుడు ఏస్కున్న గదా సారూ, మళ్లెందుకు?’ అని అడుగుతారు. ‘వైరస్ మారుతుంది పెద్దమ్మా, నిరుటి సూది బలం కూడా ఏడాదికి తగ్గుతుంది’ అంటే చాలు. జలుబే రాదని మాత్రం మాటివ్వొద్దు. టీకా రకాలు, తిరిగే వైరస్ కలిసిన ఏడాదుల్లో కూడా డాక్టర్ దగ్గరికి రావాల్సినంత ఫ్లూను అది 40 నుంచి 60 శాతమే ఆపుతుంది. దాని అసలు లాభం వెంటిలేటర్ దాకా పోకుండా చూడటంలో ఉంది. అందుకే డబ్బు తక్కువున్నప్పుడు వరస ఇలా పెట్టుకోండి: ముందు సిబ్బంది, గర్భిణులు, తర్వాత 65 దాటినవాళ్లు, డయాలిసిస్ పేషెంట్లు, షుగర్, గుండె జబ్బులవాళ్లు, వాళ్లతో పాటే బొగ్గు గనుల్లో, జిన్నింగ్ మిల్లుల్లో, ఎనుమాముల మార్కెట్ మిర్చి దుమ్ములో ఏళ్లు గడిపి దమ్ముతో తిరిగేవాళ్లు, పిల్లల్లో 6 నెలల నుంచి 5 ఏళ్ల లోపు.

మందు ఎవరికి: ఏ, బీ, సీ

ఫ్లూ పేషెంట్లను మూడు రకాలుగా చూసే కేంద్ర ఆరోగ్య శాఖ విభజన ఇప్పటికీ చేతికందే సాధనం. కొద్ది జ్వరం, దగ్గు, గొంతునొప్పి అయితే ఏ. పరీక్ష వద్దు, ఒసెల్టామివిర్ వద్దు, 24 నుంచి 48 గంటల్లో మళ్లీ చూడాలి. బాగా ఎక్కువ జ్వరం, తీవ్రమైన గొంతునొప్పి ఉంటే బీ ఒకటి. లక్షణాలు కొద్దివే అయినా రిస్క్ ఉన్న మనిషి అయితే బీ రెండు: చిన్నపిల్లలు, గర్భిణులు, 65 దాటినవాళ్లు, దీర్ఘకాలిక జబ్బులవాళ్లు, స్టెరాయిడ్లు వాడేవాళ్లు. ఆయాసం, ఛాతీ నొప్పి, మగత, బీపీ పడిపోవడం, కళ్లెలో రక్తం, గోళ్లు నీలబడటం ఉంటే సీ. పసిపిల్లల్లో పాలు తాగకపోవడం, చిరాకు కూడా సీ కిందికే. సీకే పరీక్ష, అడ్మిషన్. బీలో పరీక్ష కోసం ఆగక్కర్లేదు.

ఇక్కడ మార్గదర్శకాలు ఒకదానితో ఒకటి కలవవు. బీ రెండుకు వెంటనే ఒసెల్టామివిర్ ఇవ్వమని మన దేశపు మార్గదర్శకం, సీడీసీ రెండూ అంటాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 సెప్టెంబర్ మార్గదర్శకం మాత్రం జబ్బు తీవ్రం కానివాళ్లలో, రిస్క్ ఎక్కువుంటే బెలాక్సావిర్ అనే మరో ఫ్లూ మందును సూచించి, ఒసెల్టామివిర్ వద్దంది. తీవ్రమైన జబ్బుకు మాత్రం ఒసెల్టామివిర్‌నే సూచించింది. రెండూ గట్టి ఆదేశాలు కావు, షరతులతో కూడినవి. మన మందుల షాపుల్లో మామూలుగా దొరికేది ఒసెల్టామివిరే. కాబట్టి బీ రెండుకు, ముఖ్యంగా గర్భిణులకు, 48 గంటల లోపు వస్తే ఇవ్వడమే సరైన ఎంపిక. బీ ఒకటిలో వేరే ఏ జబ్బూ లేని పాతికేళ్ల కుర్రాడికి ఇస్తే, పెద్దవాళ్ల ట్రయల్స్ సమీక్ష ప్రకారం లక్షణాలు తగ్గేది సుమారు 17 గంటలు ముందుగా, దానికి తోడు వికారం, వాంతులు. అతనికి పారాసిటమాల్, నీళ్లు, విశ్రాంతి, ప్రమాద లక్షణాలు రాసిన చీటీ సరిపోతాయి. సీకి 48 గంటలు దాటినా, అయిదో రోజైనా మొదలుపెట్టాలి.

బెలాక్సావిర్ దొరికితే, అది ఒక్క డోసే: 20 నుంచి 80 కిలోల లోపు 40 ఎంజీ, 80 కిలోలు, ఆపైన 80 ఎంజీ. పాలు, పెరుగు, ఐరన్, కాల్షియం, యాంటాసిడ్లతో కలిపి మింగితే ఒంటికి సరిగ్గా పట్టదు. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు వద్దు. జనామివిర్ పీల్చే పొడి, 7 ఏళ్లు దాటినవాళ్లకే. ఆస్తమా, సీఓపీడీ (పొగ, దుమ్ముతో ఊపిరితిత్తులు దెబ్బతినే జబ్బు) ఉంటే ఊపిరి బిగుసుకుపోవచ్చు. మన దమ్ము పేషెంట్లకు పనికిరాదన్నమాట. పెరామివిర్ నరంలోకి ఇచ్చేది, పెద్దవాళ్లకు ఒకసారి 600 ఎంజీ. నోటి మందు కడుపులో నిలవనివాళ్లకు ఆలోచించొచ్చు. అమాంటడిన్‌కు ఇప్పటి వైరస్‌లు లొంగవు, మానేయండి.

డోసుల దగ్గర జరిగే పొరపాట్లు

ఒసెల్టామివిర్ పెద్దవాళ్లకు 75 ఎంజీ రోజుకు రెండుసార్లు, 5 రోజులు. ఏడాది దాటిన పిల్లలకు 15 కిలోల వరకు 30 ఎంజీ, 23 వరకు 45, 40 వరకు 60, ఆపైన 75, అన్నీ రోజుకు రెండుసార్లు. నెలలు నిండి పుట్టిన పసివాళ్లకు కిలోకు 3 ఎంజీ, రెండు పూటలా. సిరప్‌ల గాఢత ఒకేలా ఉండదు. ఎంఎల్‌కు 12 ఎంజీ ఉన్నదైతే 30 ఎంజీకి 2.5 ఎంఎల్, ఎంఎల్‌కు 6 ఎంజీ ఉన్నదైతే 5 ఎంఎల్. ‘ఒక చెంచా’ అని రాస్తే సగమో రెట్టింపో అవుతుంది. ఎంజీ, ఎంఎల్ రెండూ రాసి, కొలత సిరంజి ఇచ్చి పంపండి. సిరప్ లేకపోతే 30 లేదా 45 ఎంజీ క్యాప్సూల్ విప్పి చిక్కటి బెల్లం పాకంలో కలిపి తాగించొచ్చు, మందు చేదు. తిన్నాక ఇస్తే వాంతులు తక్కువ.

కిడ్నీ లెక్క ఎక్కువమంది మరిచిపోయేది. 75 ఏళ్లు, 45 కిలోల ముసలావిడకు క్రియాటినిన్ 1.4 ఉంటే రిపోర్టులో ఏదో కొద్దిగా ఎక్కువన్నట్టే కనపడుతుంది. వయసు, బరువు కూడా కలిపి లెక్కించే కాక్‌క్రాఫ్ట్ సూత్రంతో చూస్తే క్లియరెన్స్ (కిడ్నీలు రక్తాన్ని వడకట్టే వేగం) నిమిషానికి 25 ఎంఎల్ మాత్రమే. ఆమెకు 75 రెండుసార్లు కాదు, 30 ఎంజీ రోజుకు ఒక్కసారి. క్లియరెన్స్ 30 నుంచి 60 మధ్య ఉంటే 30 ఎంజీ రెండుసార్లు. డయాలిసిస్ మీద ఉన్నవాళ్లకు ప్రతి డయాలిసిస్ తర్వాత 30 ఎంజీ.

ఆగస్టు, సెప్టెంబర్‌లలో మన దగ్గర ప్రతి జ్వరమూ ముందు డెంగీయే. ఫ్లూలో కూడా తెల్ల కణాలు, కొంత ప్లేట్‌లెట్లు తగ్గుతాయి కాబట్టి ఆ ఒక్క రిపోర్టుతో తేల్చొద్దు. దగ్గు, గొంతునొప్పి ముందుగా ఉంటే ఫ్లూ వైపు మొగ్గు. రెండూ కలిసి కూడా రావొచ్చు. డెంగీ కాదని తేలేదాకా డైక్లోఫినాక్ సూది, ఐబుప్రొఫెన్ వద్దు, పిల్లలకు ఆస్పిరిన్ ఎప్పుడూ వద్దు. ఊళ్లలో జ్వరం అనగానే డెక్సా (స్టెరాయిడ్), డైక్లో, సెఫ్‌ట్రియాక్సోన్ మూడూ ఎక్కించే అలవాటు ఫ్లూ పేషెంట్‌కు చేసే మేలు ఏమీ లేదు. ఆస్తమా, సీఓపీడీ ఉబ్బసం పెరిగితే తప్ప స్టెరాయిడ్ వద్దు. తగ్గిన జ్వరం మూడు నాలుగు రోజులకు మళ్లీ వచ్చి కళ్లె పసుపు రంగు తిరిగితే అప్పుడు బాక్టీరియా న్యుమోనియా కోసం వెతికి యాంటీబయాటిక్ మొదలుపెట్టాలి.

ఆక్సిజన్ 94 శాతం కన్నా తగ్గితే 108 పిలిచి వరంగల్ ఎంజీఎం ఆస్పత్రికో, దగ్గరి జిల్లా ఆస్పత్రికో పంపండి. ఒసెల్టామివిర్ మొదటి డోసు మీ దగ్గరే వేసి, టైము రిఫరల్ చీటీ మీద రాయండి. మింగలేకపోతే ముక్కు గొట్టం గుండా ఇచ్చినా ఒంటికి పడుతుంది. తీవ్రంగా ఉందని డోసు రెట్టింపు చేస్తే అదనపు లాభం రాదు. ఐసీయూలో 10 రోజుల దాకా పొడిగించొచ్చు. ర్యాపిడ్ కిట్ నెగెటివ్ వచ్చిందని మందు ఆపొద్దు, అది చాలా కేసులను పట్టుకోలేదు. ఆర్‌టీ పీసీఆర్‌కు పాలిస్టర్ స్వాబ్ వాడాలి; దూది చుట్టిన చెక్క పుల్లలు పరీక్షకు అడ్డు తగులుతాయి. నమూనా ఉంచిన వీటీఎం గొట్టాన్ని 2 నుంచి 8 డిగ్రీల్లో పంపాలి.

ఒసెల్టామివిర్ 2017 నుంచి మందుల అమ్మకం నిబంధనల్లోని హెచ్‌1 షెడ్యూల్‌లో ఉంది. చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మిన వివరాలు రిజిస్టర్‌లో 3 ఏళ్లు ఉంచాలి. మీ దవాఖాన ఫార్మసీకి ఈ రిజిస్టర్ జూన్‌కు ముందే సిద్ధం చేసి పెట్టండి.

సిబ్బందికి

మాస్కు లేకుండా ఫ్లూ పేషెంట్‌తో గడిపిన నర్సు గర్భిణో, షుగర్ మనిషో అయితే 48 గంటల లోపు ముందు జాగ్రత్త డోసు ఇవ్వొచ్చు: ఒసెల్టామివిర్ 75 ఎంజీ రోజుకు ఒకటి, చివరిసారి కలిసిన రోజు నుంచి 7 రోజులు. అందరికీ పంచిపెట్టొద్దు. ఈలోగా జ్వరం వస్తే ఆ ఒక్క పూట డోసు మీదే ఉంచకండి, వెంటనే రెండు పూటలా చేయాలి. తక్కువ మోతాదులో మందు నడుస్తుంటే నిరోధకత తెచ్చుకున్న వైరస్ మిగులుతుంది. జ్వరమున్న స్టాఫ్ పారాసిటమాల్ వేసుకోకుండానే 24 గంటలు జ్వరం లేకుండా గడిచాకే డ్యూటీకి రావాలి.

మేడారం జాతర రెండేళ్లకోసారి మాఘంలో, అంటే మన రెండో అల వచ్చే రోజుల్లోనే పడుతుంది. అక్కడి శిబిరాలకు డ్యూటీ పడ్డవాళ్లు వెనకటి 12 నెలల్లో టీకా వేసుకోకపోతే బయలుదేరడానికి కనీసం 2 వారాల ముందు వేసుకోవాలి. శిబిరం పెట్టెలో ఒసెల్టామివిర్ 75తో పాటు 30, 45 ఎంజీ క్యాప్సూల్స్, కొలత సిరంజీలు, ఒక బరువు యంత్రం ఉండాలి. జాతరకు పిల్లలు ఎక్కువగా వస్తారు, బరువు తెలియకుండా డోసు రాయలేం.